భూమి వంతు

సోమవారం. ఏడో మెట్టు మీద ఒక వేలు.

మా ఊరి రాళ్ళ క్వారీ గుంతలోకి దిగడానికి మెట్లున్నాయి. మెట్ల లెక్క పైనుంచి. మెట్టుకు జానెడు ఎత్తు, జానకు పన్నెండు వేళ్ళు. రోజూ పొద్దున్నే దిగి, నీళ్ళు ఏ మెట్టు మీద ఎన్ని వేళ్ళు నిలిచాయో చేత్తో కొలిచి, పైకి వచ్చి ఈ చిట్టాలో చెబుతాను. నేను చెబుతుంటే కొట్టం రాసుకుంటుంది. ఎంత మోటుగా చెప్పినా అచ్చు తెలుగులోకి దిద్దుకుంటుంది. దానికదో పొగరు.

నా పేరు మద్దిలేటమ్మ. ఈ ఊరి నీరుగంటిని. పూర్వం నీరుగంటి అంటే తూము తీసి పొలాలకు వంతుల ప్రకారం నీళ్ళు వదిలేవాడు. నేను మిషన్లకు వదులుతాను. కొట్టంలో పన్నెండు వరసల మిషన్లున్నాయి. జనం దాచుకునే ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు, బడి పాఠాలు, కంపెనీల పనులు అన్నీ అందులోనే నడుస్తాయి. నడిచినంతసేపూ వేడెక్కుతాయి, పశువుల్లా నీళ్ళు తాగుతాయి. అందుకే మావాళ్ళు దానికి కొట్టమని పేరు పెట్టారు. నా చిన్నతనంలో ఈ మిషన్లు అడిగేవాళ్ళు లేక మూడు ఊళ్ళ నీళ్ళు తాగేశాయి. ఆ తరువాతే చట్టం వచ్చి, తూము తాళంచెవి ఊరి చేతికి వచ్చింది.

మొదటి వంతు మనుషులది, రెండోది కొట్టానిది. మిషన్లను చల్లబరిచి వెచ్చగా వచ్చిన నీళ్ళు పట్టుపురుగుల షెడ్ల గోడల్లో గొట్టాల వెంట తిరుగుతాయి. అక్కడినుంచి మల్బరీ తోటకు పోతాయి. అన్నిటికన్నా చివర ఒక గంట భూమి వంతు. తోట చివర ఎప్పుడో ఎండిపోయిన బోరు ఒకటుంది. గంటసేపు దాని నోట్లోకి నీళ్ళు వదలాలి. ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. చట్టంలో ఉంది, నా ముందు నీరుగంటి చేశాడు, పంతొమ్మిదేళ్ళుగా నేనూ చేస్తున్నాను.

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. రోజుకో వేలు చొప్పున గుంత దిగుతోంది. అందుకని ఈ రోజు నుంచి ఆ చివరి గంట కట్టేశాను. నీళ్ళు తాగే గొంతులు ఇన్ని ఉండగా ఎండిన బోరులో పోయడమేమిటి? భూమి వచ్చి నా మీద పంచాయితీ పెట్టదు కదా.

శుక్రవారం. ఎనిమిదో మెట్టు మీద పదకొండు వేళ్ళు.

నాలుగు రోజులకు రెండు వేళ్ళే దిగింది. అంటే సగానికి సగం ఆదా. నా తెలివికి నేనే మురిసిపోయి ఇమ్మానియేలుకు చెప్పాను.

ఇమ్మానియేలు కంపెనీ బాధ్యుడు, తెనాలి వైపు మనిషి. కొట్టం నడిపే కంపెనీ తన తరఫున ఒక మనిషిని ఊళ్ళో కాపురం పెట్టాలి, ఆ మనిషి మేం తాగే గుంత నీళ్ళే తాగాలి. అదీ చట్టమే. ఇతను వచ్చి ఆరేళ్ళయింది. మొదట్లో సున్నపు నీళ్ళకు కడుపు పట్టేసి మూలుగుతూ తిరిగేవాడు. ఇప్పుడు సొంతూరికి పోతే అక్కడి నీళ్ళు చప్పగా ఉన్నాయంటాడు.

"బాగానే ఉందండి. కానీ భూమి వంతు కూడా వంతే కదండీ?" అన్నాడు, గొంతు తగ్గించి.

"భూమికేం తెలుస్తాదప్పా," అన్నాను.

నేను కాస్త గట్టిదాన్నని అతనికి తెలుసు. ఒకరి వంతు ఆపినా, ఒకరికి ఎక్కువ వదిలినా నీరుగంటి నాలుగురోడ్ల కూడలిలో ఒప్పుకుని తాళంచెవి ఇచ్చేయాలి. నా ముందున్న హుసేనప్ప వాళ్ళ బావమరిది తోటకు అరగంట ఎక్కువ వదిలితే పట్టించింది నేనే. అప్పటినుంచీ ఈ ఇనుప తాళంచెవి నా మెడలోనే ఉంది.

సోమవారం. ఎనిమిదో మెట్టు మీద మూడు వేళ్ళు.

ఏదో తేడాగా ఉంది. శనివారం రెండు వేళ్ళు దిగింది, నిన్న మూడు, ఈ రోజు మళ్ళీ మూడు. ఆదా చేసిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో తెలియడం లేదు.

గొట్టాలన్నీ తడిమి చూశాను. కొట్టం వెనక మురుగు మోరీ కూడా దిగి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. ఎవరో దొంగతనంగా మోటారు పెట్టారేమోనని గుంత చుట్టూ రెండుసార్లు తిరిగి, కనబడిన వాళ్ళందరి మీదా అరిచాను. పాపం, వాళ్ళకేం తెలుసు.

తొమ్మిదో మెట్టు రాయి బయటపడిందంటే కొట్టంలో ఒక వరస ఆపాలి. ముందుగా ఆపేది సొంతదారు లేని వరసను. మా కొట్టంలో అలాంటిది ఒకటే, ఏడో వరస. నాకన్నా ముందునుంచీ ఉంది. ఏం పని చేస్తుందో ఎవరికీ తెలియదు. ఒకరి వరసలోకి ఇంకొకరు తొంగి చూడకూడదు గనుక ఎవరూ చూడలేదు.

ఏడో వరస వెచ్చని నీళ్ళు పోయేది ఒక్క ఖాజాబీ పట్టుపురుగుల షెడ్డుకే.

మంగళవారం. ఎనిమిదో మెట్టు రాయి తేలింది.

ఈ రోజు చాటింపు మొదలుపెట్టాను. సొంతదారు లేని వరసను ఆపే ముందు మూడు రోజులు కూడలిలో చాటాలి. మైకు పట్టుకుని, "ఏడో వరస ఎవరిదైనా ఉంటే వచ్చి చెప్పండి, శనివారం ఆపుతాం," అన్నాను.

వచ్చింది ఖాజాబీ. చేతుల నిండా మల్బరీ పసరు.

"అక్కా, నా పురుగులు నిన్ననే నాలుగో జ్వరం నుంచి లేచినాయి. ఇప్పుడే తినేది మొదలు పెట్టినాయి. ఇంకొక్క వారం ఆగు," అంది.

పట్టుపురుగు నాలుగుసార్లు తిండి మాని, కదలకుండా పడుకుని, చర్మం విడిచి లేస్తుంది. దాన్నే జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు ఆబగా తిని గూడు కడుతుంది. ఆ వారంలో చలి తగిలితే తిండి మానేసి చస్తుంది. ఇది పుష్యమాసం. మిగతా షెడ్ల వాళ్ళు పోయిన వారమే పట్టుగూళ్ళు దించేశారు. ఖాజాబీ ఆలస్యంగా మొదలుపెట్టింది, మోకాలి ఆపరేషన్ వల్ల.

"శనివారానికి మెట్టు తేల్తాది ఖాజాబీ. నేనేం చేసేది?"

"ఇంకో వరస నుంచి గొట్టం తిప్పు."

"దానికి పదిరోజుల పని ఉండాది."

"అయితే ఆ వరస నాదే అని రాసుకో."

"అది నీదా?"

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆకు వేసే వేళయిందని వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళ స్నేహం మాది.

గురువారం. తొమ్మిదో మెట్టు మీద ఆరు వేళ్ళు.

మూడో చాటింపు కూడా అయిపోయింది. ఎవరూ రాలేదు.

ఏడో వరస తలుపు మీద దుమ్ము తుడిస్తే రాగి పలక ఒకటి బయటపడింది. 'సామాజిక బాధ్యత కింద రాయలసీమ రైతులకు అంకితం' అని ఉంది. కింద కంపెనీ పేరు, ఆ కంపెనీ లేకుండా పోయి ముప్ఫై ఏళ్ళు దాటిందట. పలక చదవగానే నాకు ఒక సంగతి లీలగా గుర్తొచ్చింది. నాకు పదిహేను పదహారేళ్ళప్పుడు టోపీలు పెట్టుకున్న వాళ్ళు జీపుల్లో వచ్చి, ఎండిపోయిన బోర్లలోకి తీగకు కట్టి ఏవో దించి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. "నీళ్ళు లేని బోర్లకు చెవులు పెట్టి పోయినారు," అని మా నాన్న నవ్వాడు. ఆయన ఆరు బోర్లు వేయించి ఆరింటిలోనూ దుమ్మే చూసిన మనిషి. ఆ తరువాత సేద్యం మానేసి ఈ క్వారీలోనే రాళ్ళు కొట్టాడు.

చాటింపు అయ్యాక, ఆపే ముందు, నీరుగంటి ఆ వరస చేసే పనిని ఒకసారి చూడాలి. చూడకుండా దేన్నీ ఆపకూడదు. రేపు చూస్తాను.

శుక్రవారం. తొమ్మిదో మెట్టు మీద మూడు వేళ్ళు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. కొట్టం, ఈ రోజు నా మాటలు మరీ దిద్దకు.

ఇమ్మానియేలు ఏడో వరస తెరిచాడు. తెర మీద జిల్లా పటం వచ్చింది, దాని నిండా చుక్కలు. మూడు వేల నూట నలభై. ప్రతి చుక్కా ఒక ఎండిన బోరు. పక్కన చెవి బొమ్మ ఉంది. నొక్కాడు.

ముందు ఏమీ వినబడలేదు. తరువాత ఒక ఊపిరి వినబడింది. నిదానంగా, లోతుగా, ఆగకుండా లోపలికి పీల్చుకుంటున్న ఊపిరి.

"ఎవురది?" అన్నాను.

"భూమండి," అన్నాడు ఇమ్మానియేలు. "పైన గాలి బరువు పొద్దునొకలా సాయంత్రమొకలా ఉంటదండి. కింద సున్నపురాతి గుహలున్నాయి కదా. బోర్ల గుండా అవి గాలి పీలుస్తాయి, మళ్ళీ వదులుతాయి. చదువుకున్నాను గానీ నా జన్మలో వినలేదండి."

చెప్పులు విడిచి నేల మీద కూర్చున్నాను. యాభై ఎనిమిదేళ్ళుగా ఈ నేల మీద నడుస్తున్నాను. దీన్ని మేం చచ్చిన నేల అనుకున్నాం. మూడు వేల చోట్ల పొడిచి, నీళ్ళు లేవని తిట్టుకుని, వదిలేసి వచ్చేశాం. అది ఇంతకాలమూ మా కాళ్ళ కింద ఊపిరి పీలుస్తూనే ఉంది. మా నాన్న ఆరో బోరు ఎక్కడో పటంలో వెతికి చూపించాను. ఇమ్మానియేలు దాని చుక్క నొక్కాడు. సన్నని ఈలలా గాలి లోపలికి పోతోంది. ఆ ఈలలో ఎక్కడో చాలా లోతున ఒక నీటిచుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి.

నేను ఏడ్చాను. ఇమ్మానియేలు చూడనట్టు తెర వైపు తిరిగాడు.

అతనే ఇంకొకటి కనిపెట్టాడు. ఏడో వరస రోజూ సాయంత్రం ఒక ఉత్తరం పంపుతోంది. అందుకునే మనిషి లేక అది తిరిగి వస్తోంది. మళ్ళీ మరునాడు పంపుతోంది. అలా పదిహేను వేల పైచిలుకు ఉత్తరాలు పోగుపడ్డాయి. నిన్నటిది తెరిచి చదివాడు.

'మల్బరీ తోట చివర బోరు: పది రోజులుగా నీటి చప్పుడు లేదు. క్వారీ గుంత పక్క బోరు: ఆరు రోజులుగా ఊట తగ్గింది.'

పది రోజుల కిందటి మాట నాకు చదివి వినిపించనక్కరలేదు. భూమి వంతు నేను కట్టేసిన రోజది. పాత ఉత్తరాలు కూడా తీయించాను. నాలుగేళ్ళ కిందట తూము మరమ్మత్తుకు ఆరు రోజులు ఆ గంట ఆగింది. నాలుగు రోజుల తరువాత గుంత ఊట తగ్గిందని ఉత్తరంలో ఉంది. ఈ చిట్టాలో అదే తేదీన నేనే చెప్పాను, 'ఎందుకో గుంత గబగబా దిగుతోంది' అని. అంతకుముందు ఇంకో రెండుసార్లు కూడా అంతే. అది కింద నుంచి రాసింది, నేను పైనుంచి రాశాను, ఇద్దరమూ ఒకరిదొకరు చదవలేదు.

ఎండిన బోరులో పోసిన నీళ్ళు ఎక్కడికీ పోవడం లేదు. గుహల్లో చుట్టు తిరిగి, దారిలో నిలిచిన ఊటనంతా ముందుకు తోసుకుంటూ, నాలుగు రోజులకు మా గుంతలోకే వస్తున్నాయి. పోసిన దానికన్నా ఎక్కువగా వస్తున్నాయి. నేను ఆదా అనుకుని గుంత గొంతు నులిమాను.

శుక్రవారం, మధ్యాహ్నం.

భూమి వంతు వెంటనే వదిలాను. కానీ ఆ నీళ్ళు చుట్టి రావడానికి నాలుగు రోజులు పడుతుంది. మెట్టు మీద మిగిలింది మూడు వేళ్ళు, అది ఒక్క రోజుకే సరి. రేపటికి మెట్టు తేలుతుంది, ఏడో వరస ఆపాలి, ఖాజాబీ పురుగులు చస్తాయి. పైగా ఆ నీళ్ళు వస్తున్నాయో లేదో వినే చెవి కూడా పోతుంది.

ఇమ్మానియేలు చాలాసేపు కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆసుపత్రి వరస, ఏడో వరస ఉంచుదామండి. మిగతా పదీ నేను ఆపేస్తాను, మంగళవారం దాకా," అన్నాడు.

"అవి మీ కంపెనీవి కదప్పా. ఎట్ల ఒప్పుకుంటారు?"

"అడిగితే ఒప్పుకోరండి. అందుకే ఆపి, అప్పుడు చెబుతాను. నా పేరు ముందు బాధ్యుడు అని రాసుకున్నారు కదా, ఆరేళ్ళలో ఆ మాటకు పని పడింది ఇప్పుడేనండి."

పది వరసలు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయాయి. పంతొమ్మిదేళ్ళుగా నా చెవుల్లో ఉన్న హోరు ఆగిపోయింది. ఊరంతా ఏమైందో చూద్దామని బయటికి వచ్చారు. మల్బరీ ఆకు కొరుకుతున్న పురుగుల చప్పుడు ఖాజాబీ షెడ్డు నుంచి రోడ్డు దాకా వినబడింది, చిన్న వానలాగా.

ఊరివాళ్ళు కూడా స్నానాల నీళ్ళు సగం చేసుకున్నారు. నేను అడగలేదు.

శనివారం. తొమ్మిదో మెట్టు మీద రెండు వేళ్ళు.

ఏడో వరస ముందే కూర్చున్నాను. నీళ్ళు తోట చివర బోరులోంచి కిందికి జారడం విన్నాం. సాయంత్రానికి గుట్ట కింద బోరులో గలగల వినబడింది. అది నడుస్తోంది. నీళ్ళు నడిచి వెళ్ళే దారి ఇలా వినబడుతుందని ఎవరు అనుకుంటారు?

ఇమ్మానియేలుకు కంపెనీ నుంచి పదకొండుసార్లు ఫోన్ వచ్చింది. పదకొండుసార్లూ ఎత్తి, అదే మాట ఓపికగా చెప్పాడు.

ఆదివారం. తొమ్మిదో మెట్టు మీద ఒక వేలు.

ఖాజాబీ వచ్చి నా పక్కన కూర్చుని వింది. కంపెనీ వాళ్ళు ఇమ్మానియేలు స్థానంలో ఇంకొకరిని పంపుతారని ఊళ్ళో అనుకుంటున్నారు. ఖాజాబీకి వంతు సంగతి నా నోటితోనే చెప్పాను. నీళ్ళు దిగింది నా వల్లేనని, శనివారమని చాటింపు వేసింది కూడా నేనేనని.

ఆమె చేతి పసరు కొంగుకు తుడుచుకుంది.

"నువ్వు గుంత చుట్టూ తిరిగి అందర్నీ దొంగలన్నావు కదక్కా," అంది.

"అన్నాను."

"మా ఇంటాయన్ని కూడా అన్నావు."

"అన్నాను ఖాజాబీ. తప్పయింది."

ఆమె చెవిని మిషన్ దగ్గరికి పెట్టింది. నల్లవాగు బోరులో నీళ్ళు మలుపు తిరుగుతున్నాయి.

సోమవారం. తొమ్మిదో మెట్టు మీద అర వేలు.

మధ్యాహ్నం నుంచి చప్పుడు లేదు. నల్లవాగు దాటాక నీళ్ళు ఏమయ్యాయో తెలియడం లేదు. అక్కడినుంచి క్వారీ దాకా మధ్యలో బోర్లు లేవు, చెవులు లేవు. ఇమ్మానియేలు, "వస్తాయండి," అన్నాడు మూడుసార్లు. మూడోసారి తనకు తానే చెప్పుకున్నాడు.

ఖాజాబీ పురుగులు ఆకు తగ్గించాయి. పండుతున్నాయట. రేపు గాని ఎల్లుండి గాని గూడు కట్టడానికి ఎక్కుతాయి. ఇంకొక్క రోజు వెచ్చదనం కావాలి.

మంగళవారం. తొమ్మిదో మెట్టు రాయి తేలింది.

పొద్దున్నే దిగాను. రాయి పొడిగా ఉంది. అరచేయి ఆనించి చూశాను, పొడిగానే ఉంది. ఇప్పటికే పది ఆగినా సరే, మెట్టు తేలిన రోజు పొద్దు గూకేలోగా సొంతదారు లేని వరస ఆపాల్సిందే. అది నా నోటి మాట కాదు, అందరి మాట. ఒకసారి నా సొంత తెలివితో వంతు మార్చి ఇంత చేశాను. మళ్ళీ మార్చను.

ఊరు ఊరంతా మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. నేను తొమ్మిదో మెట్టు మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఏడో వరస చెవి తీగను ఇమ్మానియేలు మెట్ల దాకా లాగి, స్పీకరు పెట్టాడు. క్వారీ పక్క బోరు ఊపిరి వదులుతోంది. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది.

మూడుంబావుకు ఊపిరి ఆగింది. భూమి ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. ఆ వెంటనే స్పీకరులో హోరు వచ్చింది. అది పెరిగింది. మిషన్ల హోరు కాదు, అంతకన్నా లావుగా, బరువుగా ఉంది. ఖాజాబీ నా భుజం పట్టుకుంది. గుంత అవతలి గోడకు రాతిపగులు ఒకటుంది, ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. దాని నోట్లోంచి నీళ్ళు ధారగా బయటికి వచ్చి గుంతలోకి పడ్డాయి.

అందరూ లేచి నిలబడ్డారు. కొందరు దండం పెట్టుకున్నారు. ఇమ్మానియేలు కళ్ళు మూసుకుని తన దేవుడితో ఏదో అన్నాడు.

పొద్దు గూకేలోగా నా కాళ్ళు తడిశాయి. కొలిచాను. తొమ్మిదో మెట్టు మీద ఒక వేలు.

బుధవారం. తొమ్మిదో మెట్టు మీద అయిదు వేళ్ళు.

ఇది చివరిసారి నా చేత్తో కొలవడం. కూడలికి వెళ్ళి మైకు పట్టుకున్నాను.

"మద్దిలేటమ్మ అనే నేను ఒకరి వంతు పదకొండు రోజులు ఆపినాను. ఆ వంతు భూమిది," అని చాటాను.

"నీళ్ళు వచ్చినాయి కదా, పోనీలే పెద్దమ్మా," అన్నారు ఎవరో. హుసేనప్ప కూడా ఉన్నాడు అక్కడ, తొంభై ఏళ్ళ మనిషి. అతనొక్కడే పోనీలే అనలేదు. నేను అతని దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకున్నాను. తరువాత తాళంచెవి మెడలోంచి తీశాను.

ఊరు దాన్ని ఖాజాబీకి ఇచ్చింది. ఆమె పురుగులు ఈ పొద్దున చంద్రికలనే వెదురు తట్టల మీదికి ఎక్కి గూళ్ళు మొదలుపెట్టాయి. "నాకు మోకాలు నొప్పి, మెట్లు ఎవురు దిగుతారు?" అని సణుగుతూనే మెడలో వేసుకుంది. మొదటి పనిగా పోయి భూమి వంతు గంట చూసి వచ్చింది.

ఏడో వరసకు సొంతదారు కావాలి, లేకపోతే మళ్ళీ కరువు వచ్చినప్పుడు అదే ముందు ఆగుతుంది. ఇమ్మానియేలు పెట్టెలు కట్టుకుంటూ కూడా ఆ కాగితం మరిచిపోలేదు. "ఎవరి పేరు రాయమంటారండి?" అన్నాడు. నా పేరు రాయమన్నాను. కొట్టంలో మా ఇంటి ఫొటోలకు, కాగితాలకు ఉన్న చోటంతా దానికే ఇచ్చేశాను. చెవులు దించి ఫొటోలు దిగి వెళ్ళిపోయిన వాళ్ళను తిట్టుకునేదాన్ని. ఇప్పుడు వాళ్ళు మొదలుపెట్టి వదిలేసినది నా చేతికి వచ్చింది.

సాయంత్రం ఏడో వరస ముందు కూర్చున్నాను. భూమి ఆ వేళకు ఊపిరి వదులుతూ ఉంది. వేళ కాగానే ఉత్తరం వచ్చింది. నలభై రెండేళ్ళలో మొదటిసారి అది తిరిగి పోలేదు.

'మూడు వేల నూట నలభై బోర్లు విన్నాను. మల్బరీ తోట చివర బోరు: నీటి చప్పుడు ఉంది.'

కింద జవాబుకు చోటు ఉంది. చాలాసేపు ఆలోచించి ఒక్క మాట చెప్పాను.

అందింది.